‘ట’ కొట్టేసి రాయనివ్వండి

తెలుగులో అన్నింటికన్నా పొట్టి అబద్ధం ఏదని ఎవరైనా అడిగితే, నేను ‘ట’ అని చెబుతాను. ఒక్క అక్షరం. “వాళ్ళు అలాంటివాళ్ళుట.” “ఆ ఇళ్ళల్లో అలా చేస్తారుట.” “వాళ్ళకి ఇల్లు అద్దెకిస్తే ఇక ఖాళీ చెయ్యరుట.” ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. ఎవరన్నారు? అదీ తెలీదు. ఆ అక్షరం చివర తగిలించారంటే ఇక అన్నవారికి పూచీ లేదు, విన్నవారికి పాపం లేదు. వ్యాకరణంలో దాన్నేమంటారో పండితులు చెప్పాలి. నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. మనుషులు దాంతో ఏం చేస్తారో మాత్రం నాకు బాగా తెలుసు.

నేనుండేది లాల్‌దర్వాజాలో. మా పేటలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లోనూ సరిగ్గా ఇలాంటి మాటే ఒకటుంది. ‘కతే’ అంటారు. “ఉనో లోగాఁ ఐసే కతే.” వాళ్ళు అలాంటివాళ్ళుట అనే! అటు ‘కతే’, ఇటు ‘ట’. చెప్పొద్దూ, రెండు మతాలవాళ్ళూ ఇంత అచ్చంగా కలిసి వాడుకునే వస్తువు మా పేటలో ఇంకోటి లేదు.

ఈ అక్షరం వంటింట్లో ఉన్నంతసేపు కాలక్షేపంగానే ఉంటుంది. వీధిలోకి వచ్చిందంటే నెత్తురు చూస్తుంది. 1990 డిసెంబరు అల్లర్లలో ఈ నగరంలో వందమందికి పైగా చనిపోయారు. తరువాత సుధీర్ కాకర్ అనే మనోవిశ్లేషకుడు పాతబస్తీకి వచ్చి, రెండు మతాలవాళ్ళతోనూ మాట్లాడి, 1996లో ఒక పుస్తకం రాశాడు. వదంతి మనిషి మనసులో దూరి ఏం చేస్తుందో అందులో చెప్పాడు. వదంతి అంటే ఏమిటండీ? కాళ్ళొచ్చిన ‘ట’.

మరి ఈ ‘ట’ని ఎదుర్కోవడానికి మన పెద్దలు పిల్లల చేతికి ఏ ఆయుధం ఇస్తున్నారు? ఒక పావురం బొమ్మ.

ఏడాదికోసారి బడుల్లోనూ కాలేజీల్లోనూ ‘మత సామరస్యం - విద్యార్థుల పాత్ర’ అని వ్యాసరచన పోటీ పెడతారు. నవలలు రాస్తానన్న పాపానికి నన్ను న్యాయనిర్ణేతగా పిలుస్తూ ఉంటారు. యాభై వ్యాసాలుంటే యాభైలోనూ ఒకటే తోట, అందులో రంగురంగుల పూలు. ఒకటే దండ, అందులో అన్ని మతాల ముత్యాలు. చిత్రలేఖనం పోటీకి వెళ్తే ఒకటే పావురం, దాని నోట్లో ఒకటే ఆకు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఒక్క తప్పుండదు, ఒక్క నిజమూ ఉండదు. మా పేటలో పుట్టి, మా పేట గల్లీల్లోంచి నడిచి బడికెళ్ళే పిల్ల రాసిన వ్యాసంలో మా పేట ఉండదు. కర్ఫ్యూ అన్న మాట ఆ పిల్ల వాళ్ళమ్మమ్మ నోట వందసార్లు విని ఉంటుంది. వ్యాసంలో ఆ మాటా ఉండదు, అమ్మమ్మా ఉండదు.

పెద్దవాళ్ళూ అదే తోట సాగు చేస్తున్నారు. ఆషాఢమాసం చివర మా సింహవాహిని మహంకాళి బోనాలు. ఆ ఆదివారం లాల్‌దర్వాజాలో ఇసుకేస్తే రాలదు. మర్నాడు ఏదో ఒక పత్రికలో, బురఖా వేసుకున్న ఒకావిడ పూల దుకాణం ముందు నిలబడ్డ ఫోటో వేసి, కింద ‘గంగా జమునా సంస్కృతి’ అని రాస్తారు. ఆవిడ పూలు కొనుక్కోవడానికొచ్చింది బాబూ! పూలు కొనుక్కోవడం కూడా ఒక సమైక్యతా కార్యక్రమమేనా? ఫోటో తీసినాయన ఆవిణ్ణి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. “అమ్మా, ఈ వీధిలో మీకు ఇల్లు అద్దెకిస్తారా?” అని. ఆ వీధి చివర మలుపు తిరిగి, అవతలి వీధిలో బొట్టు పెట్టుకున్న ఆవిణ్ణీ అదే ప్రశ్న అడిగి ఉంటే ఇంకా బాగుండేది.

రెండేళ్ళ కిందట ఆ ప్రశ్న ఆరుగురు ఆడపిల్లలు అడిగారు. ఒకే కాలేజీలో డిగ్రీ చదివేవాళ్ళు. కాలేజీ పేరెందుకు లెండి. ముగ్గురు బోనమెత్తే ఇళ్ళవాళ్ళు, ఇద్దరు రోజా ఉండే ఇళ్ళవాళ్ళు, ఒక పిల్ల ఆదివారం చర్చికి వెళ్ళే ఇంటిది. వార్షికోత్సవానికి నాటిక రాసి నాకు చూపించడానికి తెచ్చారు. కాయితాలు ఇచ్చేముందు వాళ్ళు పెట్టుకున్న నియమం చెప్పారు.

“మేడమ్, ‘ట’ ఉన్న మాట రాయొద్దనుకున్నం. ‘కతే’ ఉన్నది గూడ వద్దు. మేం చూసిందన్న ఉండాలె, మాకు అయిందన్న ఉండాలె, లేకపోతే మేం చేసిందుండాలె.”

ఇన్ని నవలలు రాసిన నాకు ఏ అలంకారశాస్త్రమూ చెప్పని మాట అది.

నాటిక ఇరవై నిమిషాలు. మొదటి రంగంలో ఒక టు-లెట్ బోర్డు. ఇంటాయన పేరడుగుతాడు. పేరు సరిపోకపోతే ఇంటిపేరడుగుతాడు. అదీ తేల్చకపోతే “ఏం తింటరు?” అని అడుగుతాడు. బోర్డు వెనక్కి తిప్పేస్తాడు. ఆ ఇంటాయన వేషం వేసేది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆ ఇంటాయన కూతురు. రెండో రంగంలో ఉర్దూలో బోర్డు, ఇంకో ఇంటాయన. వేషం ఆయన మనవరాలిది. ఆ బోర్డూ వెనక్కి తిరుగుతుంది. మూడో రంగంలో గూట్లో విడిగా పెట్టిన ఒక స్టీలు గ్లాసు. వీధి ఊడ్చే ఆవిడకి మంచినీళ్ళు ఆ గ్లాసులోనే పొయ్యాలి, ఎత్తి పొయ్యాలి. పోసే నాయనమ్మ వేషం ఆ నాయనమ్మ మనవరాలే కట్టింది. ఆఖరి రంగంలో ఒక అన్న చెల్లెలి ఫోను లాక్కుని చూస్తాడు. క్లాసు ఫోటోలో ఆ పిల్ల పక్కన వేరే మతం కుర్రాడు నిలబడ్డాడని చెంప మీద కొడతాడు. అన్న వేషం దెబ్బ తిన్న పిల్లే వేసింది. ఆ చెయ్యి ఎలా లేచిందో ఆ పిల్లకన్నా ఎవరికి తెలుస్తుంది?

కాలేజీ పెద్దలు చదివారు. “చాలా బాగుందమ్మా, కాని...” అన్నారు. బోర్డులు తీసెయ్యమన్నారు, గొడవలొస్తాయి కనక. గ్లాసు తీసెయ్యమన్నారు, ఈ రోజుల్లో అలాంటివి లేవు కనక. చెంపదెబ్బ తీసెయ్యమన్నారు, అది ఇంటి విషయం కనక. ఇవన్నీ పోగా మిగిలింది పాత్రలు రావడం, పోవడం. చివర అందరూ చేతులు పట్టుకుని ‘మనమంతా ఒక్కటే’ అని పాడితే బ్రహ్మాండంగా ఉంటుందని సలహా కూడా ఇచ్చారు. పిల్లలు దణ్ణం పెట్టి నాటిక వెనక్కి తీసుకున్నారు. ఒక ఆదివారం సాయంత్రం ఒక డాబా మీద, ఒక నులకమంచం, ఒక బల్బు పెట్టుకుని ఆడారు. నలభైమంది చూశారు.

ఆ దెబ్బతో లాల్‌దర్వాజా మారిపోయిందని నేను రాయను. అలా రాస్తే అదీ ఒక పావురమే అవుతుంది. టు-లెట్ బోర్డులు తిరుగుతూనే ఉన్నాయి. మొదటి రంగం ఇంటాయన సగంలో లేచి వెళ్ళిపోయాడు. చెంపదెబ్బ పిల్లని పదిరోజులు కాలేజీకి పంపలేదు. వెళ్ళి అడిగితే “జరం వచ్చింది” అన్నారు. నాయనమ్మ మాత్రం ముందు వరసలో కూర్చుని, “నేను గట్ల నడుస్తనా?” అని పకపకా నవ్వింది. గ్లాసు గూట్లోంచి తియ్యలేదు. కాని ఇప్పుడు ఆ గ్లాసు అందుకునేముందు మనవరాలు చూస్తోందేమోనని అటూ ఇటూ చూస్తోందని ఆ పిల్లే చెప్పింది. అంతే జరిగింది. అంత తక్కువేం కాదు. ఏ దురాచారమైనా చచ్చేముందు కొన్నాళ్ళు సిగ్గుపడుతుంది.

ఇప్పుడు ఆ ‘కాని’ సంగతి చూద్దాం. కాలేజీ పెద్దలే కాదు, మనలో సగంమంది నోట్లో ఆ ‘కాని’ ఉంటుంది.

“ఇలాంటివి ఆడితే మానిన గాయాలు రేగుతాయి” అంటారు. అయ్యా, పిల్లలు నాటిక వేసినందుకు పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారా ఎప్పుడైనా? 1984లో పాతబస్తీ అల్లర్లతో, కర్ఫ్యూలతో అల్లాడిపోయింది. అప్పుడు ‘హైదరాబాద్ ఏక్తా’ అనే పౌరబృందం పనిచేస్తూ ఉండేది. వాళ్ళతో కలిసి దీపా ధన్‌రాజ్ అనే యువతి కెమెరా పట్టుకుని ఈ వీధుల్లోకొచ్చింది. ఆమె తీసిన ‘క్యా హువా ఇస్ షహర్ కో’ 1986లో తయారైంది. ‘ఈ నగరానికేమయింది’ అన్నమాట. ఆవిడ చూపించింది గాయాన్ని. గాయం చేసినవాళ్ళు వేరే ఉన్నారు. అద్దం మొహాన్ని గీరదు. 2013లో ఆ చిత్రాన్ని బాగుచేయించి బెర్లిన్ చలనచిత్రోత్సవంలో చూపించారు. బెర్లిన్‌వాళ్ళు కూర్చుని చూశారు. మనలో ఎంతమందిమి చూశాం?

“చదువుకునే పిల్లలకి ఇవన్నీ ఎందుకు?” అంటారు. చదువుకునే పిల్లలు కాక ఎవరు చేస్తారు? ఉద్యోగం, ఇంటి అప్పు, పిల్ల పెళ్ళి ఉన్నవాళ్ళు చేస్తారా? మఖ్దూం మొహియుద్దీన్ పెద్ద కవి అని అందరం అంటాం. ఆయన ఉస్మానియాలో చదువుకుంటూ, 1934లో, ఇంకొక మిత్రుడితో కలిసి ‘హోష్ కే నాఖూన్’ అని నాటకం రాసి వేశాడు. బెర్నార్డ్ షా రాసిన ‘విడోయర్స్ హౌసెస్’కి అనుసరణ అది. దాని విషయం ఏమిటంటారా? ఇంటద్దెలు! మురికివాడల్లో పేదవాళ్ళ నెత్తిన అద్దెలు బాది పెద్దమనుషులైనవాళ్ళ కథ. ఆ ప్రదర్శన చూసినవారిలో రవీంద్రనాథ్ టాగూరు ఉన్నాడు. ఆయన “బాగుంది నాయనా, కాని” అనలేదు. శాంతినికేతనానికి రమ్మన్నాడు. ఈ నగరంలో అద్దె ఇళ్ళ గురించి నాటకం వెయ్యడం మా ఆరుగురు పిల్లలు కనిపెట్టిన తుంటరితనం కాదు. తొంభయ్యేళ్ళ నాటి విద్యార్థి సంప్రదాయం.

“ఇది కళ కాదు, ప్రచారం” అనేది మూడో మాట. ఇది నాకు మహా ముచ్చటగా ఉంటుంది. ఎవరూ కాదనని మాటని, ఎవరికీ నొప్పి తగలకుండా, ముందే తెలిసిన బొమ్మతో చెప్పడం ప్రచారం. పావురం ప్రచారం. గూట్లో గ్లాసు కళ. షా నాటకం లండన్‌లో మొదట ఆడిన 1892లోనే విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడారు. బ్రాహ్మణ ఇళ్ళల్లో ఆడపిల్లల్ని డబ్బుకి ముసలివాళ్ళకి కట్టబెట్టడాన్ని రచ్చకీడ్చిన గురజాడ ఎవరు? బ్రాహ్మణుడే. ఎదురింటి మీద రాయలేదు, తన వాకిలే ఊడ్చుకున్నాడు. అంచేతనే ఆ నాటకం ఈనాటికీ మనది.

తన వాకిలి ఊడ్చుకునేవాళ్ళు కొందరైతే, తనకి తగిలిన దెబ్బ చూపించేవాళ్ళు ఇంకొందరు. 2016 జనవరిలో ఇదే నగరం రెండో చివర, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టలు నుంచి బయటికి పంపేసిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఆరుబయట ఒక చోటు కట్టుకున్నారు. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్ళు. పెద్దల బొమ్మలున్న ఫ్లెక్సీలతో చుట్టూ గోడల్లా చేసి, దానికి పేరు పెట్టారు. ‘వెలివాడ.’ ఆ ఒక్క మాట చూడండి! పల్లెల్లో ఊరికి అవతల తరతరాలుగా ఉన్న వాడని తెచ్చి విశ్వవిద్యాలయం నడిబొడ్డున నిలబెట్టింది. నేను మూడొందల పేజీల నవల్లో చెప్పలేనిది వాళ్ళు నాలుగక్షరాల్లో చెప్పారు. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల ఆ జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. రచయిత కావాలనుకున్న పిల్లవాడు, సైన్సు గురించి రాయాలనుకున్నవాడు. ఆ తరువాత ‘వెలివాడ’ అన్న తెలుగు మాట తెలుగు రానివాళ్ళ నోళ్ళల్లో కూడా పడింది. పాతబస్తీ చిత్రం తీసిన దీపా ధన్‌రాజే 2018లో ఆ విద్యార్థుల పోరాటం మీదా చిత్రం తీసింది. ఆ పిల్లలు మాట చెబుతున్నప్పుడు కూర్చుని విన్న పెద్దవాళ్ళు ఇంకాస్త ఎక్కువమంది ఉండవలసింది. ఇంతకన్నా ఏం రాయగలను?

అయితే ఒక్క మాట. కళ అనగానే చేతులు జోడించేదాన్ని కాను నేను. ద్వేషానికి కూడా రాగం ఉంది, తాళం ఉంది. పండగ ఏ మతానిదైనా, ఊరేగింపులో పెట్టెలంత స్పీకర్లలోంచి వచ్చే పాటల్లో కొన్ని ఎవర్ని రెచ్చగొట్టడానికి కట్టారో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆ పాట కట్టిందీ కుర్రాడే. పక్కమతం మీద ఫోనులో తిరిగే బొమ్మలు గీసేదీ కుర్రాడే. మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? మా పిల్లల నియమమే చాలు. ‘నాకు జరిగింది’ అనో, ‘మా ఇంట్లో చేశాం’ అనో చెప్పేది ఒక జాతి. ‘వాళ్ళు ఇలా చేస్తారుట’ అని చెప్పేది ఇంకో జాతి. ఆ రెండోదాన్ని ఎంత బాగా పాడినా అది వదంతే.

ఆ రెండోదానికి మందు మొదటిదే. 1994లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో, ఒక బడి క్లాసులో ఒక నల్లజాతి కుర్రాడికి లావుపాటి పెదవులు పెట్టి వెక్కిరింపు బొమ్మ గీసి చేతులు మారుస్తున్నారు. ఎరిన్ గ్రువెల్ అనే పంతులమ్మ అది పట్టుకుంది. ఇలాంటి బొమ్మలే నాజీలు యూదుల మీద వేశారని చెప్పింది. క్లాసులో చాలామందికి ఆ మారణహోమం పేరే తెలీదు. తుపాకి మోత మాత్రం తెలుసు, వీధుల్లో ముఠాల మధ్య పెరిగినవాళ్ళు. ఆవిడ వాళ్ళకి పావురం ఇవ్వలేదు. డైరీలు ఇచ్చి, మీ సంగతి మీరు రాయండంది. నూటయాభైమంది రాసిన ఆ డైరీలు 1999లో పుస్తకమయ్యాయి. ఎవరి పేజీలో వాళ్ళ వీధి ఉంది, వాళ్ళ చావు ఉంది, వాళ్ళ తప్పు ఉంది. చదివిన పక్క బెంచీవాడు ‘వాళ్ళు అలాంటివాళ్ళుట’ అని ఇక ఎలా అంటాడు?

ఖర్చు లేని పని అనడం లేదు. సఫ్దర్ హష్మీ 1973లో తోటి కుర్రకారుతో కలిసి ఢిల్లీలో జననాట్య మంచ్ పెట్టినవాడు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో వీధినాటకం ఆడుతూ ఉంటే కొట్టారు. మర్నాడు పోయాడు. ముప్పైనాలుగేళ్ళు. జనవరి 4న ఆయన భార్య మలయశ్రీ, దళంవాళ్ళు అదే చోటికి వెళ్ళి, ఆగిపోయిన నాటకం పూర్తిచేశారు. అందువల్లనే అంటున్నాను, పిల్లల్ని ‘రాయండి, ఆడండి’ అని రెచ్చగొట్టి మనం ఇంట్లో తలుపేసుకుని కూర్చోవడం కాదు. వాళ్ళు ఆడే రోజున వెళ్ళి ముందు వరసలో కూర్చోవాలి. పది రోజులు కాలేజీకి రాని పిల్ల ఇంటికి వెళ్ళి తలుపు తట్టాలి. జ్వరమంటే థర్మామీటరు పెట్టి చూడాలి.

మా నగరానికి ఒకప్పుడు చుట్టూ గోడ ఉండేది. పదమూడు దర్వాజాలుండేవి. లాల్‌దర్వాజా వాటిలో ఒకటి. గోడ పోయింది, మా దర్వాజా పోయింది. దబీర్‌పురా దగ్గరొకటి, పురానాపూల్ దగ్గరొకటి మిగిలాయి. గోడ పోయినా కాపలావాళ్ళం మాత్రం ఇంటికొకరం మిగిలాం. పేరేమిటి, ఇంటిపేరేమిటి, ఏం తింటారు అని అడుగుతూ ఉన్నాం. మన పిల్లలు ఆ కాపలావాడి వేషం వేసి మనకే చూపిస్తామంటున్నారు. మనకి భయం గొడవల గురించి కాదండీ. వేషం మరీ బాగా కుదురుతుందేమోనని!

ఈ ఏడు కూడా వ్యాసరచన పోటీలు వస్తాయి. వార్షికోత్సవాలు వస్తాయి. మాస్టర్లూ, టీచరమ్మలూ, తల్లులూ, తండ్రులూ! ఏదో ఒక పిల్ల మీ ఎదట ఒక కాయితం పెడుతుంది. అందులో మీ వీధి ఉండొచ్చు, మీ ఇల్లు ఉండొచ్చు, ఖర్మ కాలితే మీరే ఉండొచ్చు. ఎర్రసిరా పెన్ను తీసుకోండి, తప్పులేదు. ‘ట’ ఎక్కడుందో అక్కడ కొట్టెయ్యండి. మిగతాది దాని చేత ఆడనివ్వండి.